మొన దొరకని సూది

అక్క తన కంచం, గ్లాసు, చిన్న స్టవ్వు పట్టుకెళ్ళి పక్కగదిలో పెట్టుకుంది. తలుపు మాత్రం వెయ్యలేదు.

వేసినా బాగుండేది. తలుపు తీసిపెట్టి మాట్లాడకపోతే ఆ మౌనం ఇల్లంతా తిరుగుతుంది. వంటింట్లోకి వస్తుంది. బట్టలు మడతపెడుతుంటే పక్కనే వచ్చి కూర్చుంటుంది.

అత్తయ్య రోజూలాగే రెండు క్యారేజీలు సర్దింది. పెద్దకోడలిది పక్కగదిలో ఇచ్చి వచ్చింది. అది నింపింది నింపినట్టే వెనక్కి వచ్చింది. అత్తయ్య ఏమీ అనకుండా మూత బిగించి మళ్ళీ తీసుకెళ్ళింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి దాన్ని గడప దగ్గరే దించేసి, నీళ్ళ బిందెతో చెబుతున్నట్టు అంది.

"సూదిముక్కకి ఇల్లు చిరుగుతుందని నా పెళ్ళినాడు ఎవరూ చెప్పలేదు."

నిన్న సాయంత్రం నేనన్నది ఒక్క మాట. పొద్దున్నే పనిలోకి వెళ్ళగానే నిజం చెప్పేస్తానని. అక్క ముందు నవ్వింది. నేను నవ్వకపోయేసరికి నా చెయ్యి పట్టుకుని, ఈ వేళ్ళకి దారం ఎక్కించడం నేర్పిందెవరని అడిగింది. అబద్ధం కాదు. తోడికోడళ్ళం అన్న మాటే గానీ నన్ను మిషను మీద కూర్చోబెట్టింది అక్కే. మొదటి నెల నేను పాడుచేసినవన్నీ తన కట్టలో కలుపుకుని, తన పేరున తిట్లు తిన్నదీ అక్కే. ఇప్పుడు ఆమె పేరున రెండు హెచ్చరికలున్నాయి. మూడోది పడితే గేటు బయటే.

ఆ మూడోది నా నోటితో పడుతుంది.

పాప నాన్న చెప్పులేసుకుంటూ ఒక కాలికి వేసుకున్నాక ఆగాడు. నిన్నటి నుంచీ ఆయన ఎవరి పక్షమూ పట్టలేదు. పట్టలేదు కదా అని నేను ధైర్యం తెచ్చుకుంటుంటే, రెండో చెప్పు వేసుకుని చెప్పాడు.

"నువ్వు కుట్టు లైనుకి లీడరువై పదకొండు రోజులు. వదిన ఈ ఇంటికొచ్చి పదకొండేళ్ళు. చూసి నడుచుకో."

పాపని ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోయాను.

అప్పుడు చూశాను. పాప దిండు మీద మడతపెట్టి ఉంది, పసుపుపచ్చ చొక్కా. చేతుల దగ్గర చిన్న కుచ్చులు. అక్క ఎప్పుడు పెట్టి వెళ్ళిందో.

మా పాప బట్టలన్నీ అలా వచ్చినవే. మేం పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో చెడిపోయిన పీసుల్ని ఇంటికి తీసుకెళ్ళకూడదని గోడ మీద బోర్డు ఉంది. ఆ బోర్డు కిందనుంచే అందరూ తీసుకెళతారు. పాపకి ఒక లాగు కాలు పొడుగు, ఇంకోదానికి జేబు వెనకవైపు, ఒక చొక్కాకి రెండూ ఎడమచేతులే. నీ కూతురికి పెద్దయ్యాక సరైన బట్ట వేస్తే ఒళ్ళు దురద పెడుతుందే అని అక్క నవ్వేది. పద్నాలుగు నెలల్లో అక్క తెచ్చినవి పక్కన పెడితే, పాపకి నేను కొన్న బట్టలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

నాతో మాట మానేసినా పాపతో మానలేదన్నమాట. స్నానం చేయించి ఆ చొక్కానే వేశాను. అక్క గదిలోంచి చూస్తుందేమోనని పాపని రెండుసార్లు ఆ గుమ్మం ముందు నుంచి తిప్పాను కూడా. చూసిందో లేదో తెలియదు. స్టవ్వు మీద ఏదో కలుపుతూ ఉంది.

బయల్దేరేటప్పుడు పాప గొంతు చించుకుంది. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. నుదురు మూడుసార్లు చూశాను, వేడి లేదు. నోట్లో వేలు పెట్టి చిగుళ్ళు చూశాను. పళ్ళొస్తున్నాయి, నువ్వు వెళ్ళు, ప్రతిదానికీ గుండెలు బాదుకోకని అత్తయ్య పాపని లాక్కుంది.

దారిలో అక్క నాకు పదడుగుల ముందు నడిచింది. పెద్దరోడ్డు దాటే చోట అలవాటు కొద్దీ ఆగి, నా కోసం చెయ్యి వెనక్కి చాపింది. వెంటనే గుర్తొచ్చినట్టుంది. ఆ చేత్తో కొంగు సర్దుకుని దాటేసింది.

*

మేం కుట్టేది పసిపిల్లల బట్టలు. అందుకే మా దగ్గర సూది విరిగితే పెద్ద తంతు. విరిగిన చోటే చెయ్యెత్తాలి. లీడరు అయస్కాంతం పట్టుకుని రావాలి. ముక్కలన్నీ ఏరి, కార్డు మీద టేపుతో పక్కపక్కనే అంటించి, పూర్తి సూది అయిందని చూపించాలి. లీడరు సంతకం పెడితేనే కొత్త సూది. మొన దొరకలేదా, ఆ మిషనుకి చుట్టుపక్కల ఉన్న కట్టలన్నీ ఆపేసి, అది దొరికేదాకా ఒక్కొక్క చొక్కా వెతకాలి. లైనంతా ఆగిపోతుంది. అనుకున్న లెక్క పూర్తికాదు. ఇరవై రెండు మంది ఆలస్యంగా ఇళ్ళకు వెళ్ళాలి. వాళ్ళ చూపులన్నీ సూది విరగ్గొట్టినదాని మీదే.

అందుకని మా లైనులో ఒక బామ్ డబ్బీ ఉంది. అందులో బామ్ ఎప్పుడో అయిపోయింది. ఉన్నవన్నీ సూదిమొనలు. వంగిపోయిన సూదులు మార్చినప్పుడు ఎవరికి వాళ్ళం ఒక మొన తుంచి అందులో వేస్తాం. ఎవరిదైనా మొన దొరకకపోతే డబ్బీ చేతులు మారుతూ వస్తుంది. దాంట్లోంచి ఒకటి తీసి కార్డుకి అంటిస్తారు. సూది పూర్తవుతుంది. లైను నడుస్తుంది. ఇందులో తప్పుందని మాలో ఎవరికీ తోచలేదు. ఆఖర్న సూదిముక్కల్ని పట్టే మిషను ఒకటుంది, అన్నీ దాని కిందనుంచే వెళతాయని ధీమా.

ఆ మిషను పాడై నాలుగు రోజులైంది. బాగుచేసేవాడు వస్తున్నాడంటూనే ఉన్నారు. పెట్టెలు మాత్రం కట్టేస్తున్నారు.

నిన్న మధ్యాహ్నం అక్క సూది విరిగింది. మొన దొరకలేదు. డబ్బీ వచ్చింది. అక్క కార్డు నా ముందు పెట్టింది. అక్కది సన్నబట్టకి వాడే తొమ్మిదో నెంబరు సూది. దానికి అంటించిన మొన పద్నాలుగో నెంబరుది. పిల్ల తల మీద పెద్దవాళ్ళ టోపీలా ఉంది. నాకు కనబడింది. కనబడ్డాకే సంతకం పెట్టాను.

ఆ సంతకమే రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఎనిమిదో తరగతి మధ్యలో ఆగిపోయినదాన్ని, అక్షరాలు గుండ్రంగా రాస్తానని మురిసిపోయేదాన్ని. నన్ను లీడర్ని చేసిందీ అందుకే, కార్డులు చదవగలనని. ఆ గుండ్రటి అక్షరాలతోనే అబద్ధం రాశాను.

*

మా ఇన్‌ఛార్జిని అందరం గడియారం అంటాం. మనిషి మొహం కంటే ముందు చేతి వాచీ చూస్తాడు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. నేను అద్దాల గదిలోకి వెళ్ళి కార్డు బల్ల మీద పెట్టి, చెప్పాల్సింది చెప్పాను. ఆయన కార్డు ఎత్తి వెలుతురులో తిప్పి చూశాడు.

"సంతకం ఎవరిది?"

"నాదే సార్."

"అయితే అబద్ధం ఎవరిది?"

"నాదే సార్."

అక్క పేరెత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. కార్డు దొంతరలో పైకి కాకుండా మధ్యలోకి తోసేశాడు. తొమ్మిదో పద్నాలుగో తన కంటికి ఆనలేదని, లీడరు కంటికీ ఆనకపోతే మంచిదని మెల్లగా చెప్పాడు. నేను కదల్లేదు. నిన్నటి పెట్టెలు విప్పాలన్నాను.

"లైను ఆపే ఎర్ర బటన్ ఎక్కడుందో తెలుసుగా. నీ బల్ల పక్కనే. అది నొక్కాల్సింది లీడరు. నొక్కమని నేను చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు. మూడింటికి లారీ వస్తుంది." మళ్ళీ వాచీ చూసుకున్నాడు. "ఇదంతా మనం మాట్లాడుకోలేదు."

బయటికొచ్చి కుళాయి దగ్గర నీళ్ళు తాగాను. ఇంకో గ్లాసు తాగాను. దాహం కాదు, బల్ల దగ్గరికి వెళ్ళడం కాస్త వాయిదా. తల మీది ఆకుపచ్చ లీడరు టోపీ పాత లీడరుది. నాకు చెవుల మీదికి జారుతుంది. ఇరవై రెండు మిషన్ల హోరు. అక్క మూడో వరసలో తల వంచుకుని కుడుతోంది. చొక్కా తర్వాత చొక్కా. ఎవరో ఒక పసిదానికి, ఎక్కడో, ఇవాళో రేపో.

నొక్కాను.

హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. కరెంటు పోయిందనుకుని అందరూ పైకి చూశారు. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. గోడ మీది ఎర్రదీపం కూడా వెలిగింది. అప్పుడు నన్ను చూశారు.

బామ్ డబ్బీ తీసి బల్ల మీద పెట్టాను. దాన్ని అలా అందరి ముందూ ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. నిన్నటి మొన దొరకలేదని, కార్డు మీద ఉన్నది ఈ డబ్బీలోదని, పెట్టెలు విప్పి వెతకాలని చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అందరూ మూడో వరస వైపే చూశారు.

మొదటి మిషను మీద ఉండే, మేమంతా రేడియో అని పిలిచే మనిషి లేచింది. ఆమె నోరు మూతపడడం మేమెవరం చూడలేదు. ఆ డబ్బీ తమందరిదీ అంది. తమలో ఒకర్తెగా కూర్చుని కుట్టి, నెత్తిన టోపీ పడగానే తమ డబ్బీ బజార్న పెట్టే హక్కు ఎవరిచ్చారంది. సొంత తోడికోడల్ని వీధిలో నిలబెట్టేది రేపు తమని నిలబెట్టదా అంది. వెనకనుంచి నాలుగు గొంతులు వంత పాడాయి.

బల్ల అంచు పట్టుకున్నాను.

"నేనూ వాడాను," అన్నాను. "రెండుసార్లు. ఆ రెండు మొనలూ ఎక్కడికి పోయాయో నాకు ఇవాళ్టికీ తెలీదు. మీకు తెలుసా, మీవి ఎక్కడున్నాయో?"

రేడియో మళ్ళీ తన స్టూలు మీద కూర్చుంది.

అక్క తలెత్తింది. నిన్న సాయంత్రం తర్వాత నాతో అదే మొదటి మాట. "కింద పడింది. నేను విన్నాను."

"ఇన్ని మిషన్ల మధ్య సూదిమొన పడ్డ చప్పుడు విన్నావా అక్కా?"

అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆగిపోయిన మిషను చక్రం వైపు చూస్తూ కూర్చుంది.

ఎవరూ కదల్లేదు. నేనే వెళ్ళి మొదటి పెట్టె టేపు చీల్చాను. ఒక్కొక్క చొక్కా విప్పి అయస్కాంతం ఆనించి, కుట్టు వెంట వేళ్ళతో తడిమి పక్కన పెట్టాను. నిన్నటివి ముప్ఫై ఆరు పెట్టెలు. సైజులవారీగా కట్టేసరికి కట్టలన్నీ కలిసిపోయాయి. ఇలా ఒక్కదాన్నే చేస్తే తెల్లారిపోతుంది. నా వీపు మీద ఇరవై రెండు జతల కళ్ళు. మూడో చొక్కా, నాలుగో చొక్కా. ఏడుపొస్తుందేమోనని గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

తొమ్మిది అనేసరికి పక్కన ఎవరో కూలబడ్డ చప్పుడయింది. కాజాలు కుట్టే పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులని నేల మీద ఎప్పుడూ కూర్చోని మనిషి.

"నాకిద్దరు మనవలే అమ్మాయ్," అంది, పెట్టె తన వైపు లాక్కుంటూ. "వాళ్ళేసుకునేవీ ఎవరో కుట్టినవే."

తర్వాత ఇద్దరొచ్చారు. తర్వాత నలుగురు. రేడియో ఆఖర్న వచ్చింది, నన్ను తిడుతూనే వచ్చింది, తిడుతూనే అందరికంటే వేగంగా వెతికింది. అక్క ఒక్కతే రాలేదు.

*

ప్రతి చొక్కా లోపల చిన్న చీటీ ఉంటుంది, కట్ట నెంబరు, చొక్కా నెంబరు. నిన్న సూది విరిగినప్పుడు అక్క కుడుతున్నది పదిహేడో కట్ట. ఆ కట్టవి దొరికినకొద్దీ విడిగా పేర్చాం. ఒంటిగంటన్నరకి ఇరవై తొమ్మిది పెట్టెలు అయిపోయాయి. ఏ అయస్కాంతానికీ ఏదీ అంటుకోలేదు. గడియారం రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్ళాడు.

పదిహేడో కట్టని రేడియో లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"కట్టకి ముప్ఫై కదా," అంది. "ఇవి ఇరవై తొమ్మిదే."

చీటీలు చూశాను. ఇరవై ఒకటి ఉంది. ఇరవై మూడు ఉంది.

"ఇరవై రెండు ఏమైంది?"

అందరూ పెట్టెల్లోకి చూశారు. నేను మాత్రం ఎందుకో అక్క వైపు చూశాను. అక్క చెయ్యి కాళ్ళ దగ్గరున్న తన సంచి మీదికి వెళ్ళింది, ఖాళీ సంచి అది, అక్కడి నుంచి మెల్లగా నోటి మీదికి వచ్చింది.

"సూది విరిగినప్పుడు కుట్టు జారిపోయింది," అంది. గొంతు ఆమెది కానట్టుంది. "పాడైనదాన్ని చూపిస్తే... మళ్ళీ నా పేరున రాస్తారని..."

"ఏ రంగు అక్కా?"

అక్క రంగు చెప్పలేదు.

"పాపకి బాగుంటుందని," అంది.

నా చెవుల్లో మిషన్లన్నీ ఒక్కసారిగా మొదలైనట్టు హోరు. నిజానికి ఒక్కటీ తిరగడంలేదు. చేతుల దగ్గర చిన్న కుచ్చులు. నేనే వేశాను. బొత్తాలు నేనే పెట్టాను. వేశాకే ఏడ్చింది. ఎత్తుకుంటే ఏడ్చింది. పళ్ళంటే నమ్మి వదిలేసి వచ్చాను.

లేచాను. మోకాలు పెట్టెకి తగిలి చొక్కాలన్నీ దొర్లిపోయాయి. అప్పుడే తలుపు దగ్గర గడియారం మాట వినబడింది. నేనెప్పుడూ వినని మెత్తటి గొంతు.

"వెళ్ళమ్మా, వెళ్ళు. పిల్ల కంటే ఎక్కువేముంది. ఎక్కడుందో తెలిసింది కదా. మిగతా పెట్టెలు నేను చూసుకుంటాను."

ఆయన చేతిలో పెట్టెలు మూసే టేపు చుట్ట ఉంది.

ఎక్కడుందో ఎవరికి తెలుసు? పాప చొక్కాలోనే ఉందని ఎవరు చెప్పారు? ఎగిరి పక్క కట్టలో పడి ఉండొచ్చు. ఇంకా ఏడు పెట్టెలున్నాయి. నేను గేటు దాటితే ఈయన ఎర్రదీపం ఆర్పేస్తాడు. నిలబడితే, ఇంటి దగ్గర పాప. ఇరవై నిమిషాల నడక. పరిగెడితే పన్నెండు.

ఒక కాలు తలుపు వైపు, ఒక కాలు పెట్టెల వైపు. అలా ఎంతసేపు నిలబడ్డానో.

లీడరు టోపీ రేడియోకి ఇద్దామా అనుకున్నాను. ఆమె అరుస్తుంది గానీ గడియారం గట్టిగా చూస్తే తగ్గుతుంది. పెద్దావిడ ఆ మోకాళ్ళతో లేవలేదు. ఈ లైనులో గడియారం చూపుకి బెదరని మనిషి ఒక్కతే ఉంది. ఆ మొన దొరికితే ఉద్యోగం పోయేదీ ఆ ఒక్కతికే.

టోపీ తీశాను. అయస్కాంతం అందులో పెట్టాను. మూడో వరసలోకి నడిచి అక్క ఒళ్ళో పెట్టాను.

"ఏడు పెట్టెలున్నాయక్కా."

అక్క వాటిని ముట్టుకోలేదు. "నా చేతిలో పెడుతున్నావా?"

"నీ చేతిలోనే నేర్చుకున్నాను."

ఆమె ఏమందో వినడానికి ఆగలేదు.

*

ఫోన్లు గేటు దగ్గర పెట్టెలో ఉంటాయి. కాపలాదారుకి నా నెంబరు వెతకడానికి ఒక యుగం పట్టింది. అత్తయ్యకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. గేటు రెండు రెక్కలూ తెరిచారు. లారీ వెనక్కి వెనక్కి లోపలికి వచ్చింది. ఇంకా రెండు కూడా కాలేదు.

పరిగెడుతూ వెనక్కి చూశాను. పై అంతస్తు కిటికీలో ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఇంకొంచెం దూరం వెళ్ళి చూశాను. ఉంది. మూల తిరిగితే ఆ కిటికీ కనబడదు. తిరక్కపోతే ఇల్లు రాదు.

తిరిగాను.

నాలుగోసారికి అత్తయ్య ఫోనెత్తి గుసగుసగా మాట్లాడింది. గొంతు తగ్గించమంది. పాప ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుందని, భుజం మీద వేసుకుని గట్టిగా అదుముకుని జోకొడితే గానీ ఊరుకోలేదని చెప్పింది.

రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. ఎవరో హారన్ కొట్టి తిట్టి వెళ్ళారు.

"అత్తయ్యా, నేను చెప్పినట్టు చెయ్యండి. ఎందుకని అడక్కండి. పాప ఒంటిమీది చొక్కా తియ్యండి. తల మీంచి లాగొద్దు. అసలు లాగనే వద్దు. కత్తెర తెచ్చి కత్తిరించండి. వీపు వైపు నుంచి, మెల్లిగా."

అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. సొరుగు లాగిన చప్పుడు. కత్తెర ఒకసారి. రెండోసారి.

పాప నిద్రలో చిన్నగా మూలిగింది.

ఆ తర్వాత అత్తయ్య అయ్యో అనలేదు. ఏమీ లేదే అని కూడా అనలేదు. ఆ రెంటిలో ఏది వినబడుతుందోనని ఫోను చెవికి అదుముకుని నడిరోడ్డు మీదే నిలబడ్డాను.